ఓటమికి కారణం పాత్రా, చెయ్యా, లైనా: ఫైటింగ్ గేముల్లో తేల్చుకునే పద్ధతి

స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8 వంటి ఫైటింగ్ గేములను ఆన్‌లైన్‌లో ఆడేవారు ఒకే పాత్ర చేతిలో వరుసగా ఓడిపోయినప్పుడు, తయారీదారులు ఆ పాత్రకు అన్యాయంగా బలం కట్టబెట్టారని అనుకోవడం సహజం. నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్ల మధ్య ఈ ఆటల గురించి జరిగే వాదాలు చాలావరకు ఈ మాట దగ్గరే మొదలవుతాయి. ఆ ఆరోపణ ఒక్కొక్కసారి నిజమే కావచ్చు. కాని దాన్ని నిలబెట్టాలంటే ముందు మీరు నొక్కిన బటను ఆలస్యం లేకుండా ఆటకు చేరుతున్నదా, మీ చెయ్యి మీరు అనుకున్న ఎత్తునే నొక్కుతున్నదా అన్న రెండు విషయాలు తేలాలి. ఇంటర్నెట్ లైను బాగా లేనప్పుడు చేతిని, చెయ్యి కుదరనప్పుడు పాత్రను అంచనా వేయడం కుదరదు కాబట్టి, పరీక్ష ఎప్పుడూ లైను నుంచి చేతికి, చేతి నుంచి పాత్రకు ఈ వరుసలోనే సాగాలి. చాలామంది దీన్ని తలకిందులుగా, పాత్రను మార్చడంతో మొదలుపెడతారు.

కాలాన్ని కొలిచే లెక్క

ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) చొప్పున నడుస్తాయి కనుక ఒక్క ఫ్రేము నిడివి సుమారు 16.67 మిల్లీసెకన్లు. స్ట్రీట్ ఫైటర్ 6లో ఎక్కువ పాత్రల అత్యంత వేగమైన పంచ్ 4 ఫ్రేముల్లో తగులుతుంది. టెక్కెన్‌లో మామూలు జాబ్‌కు, అంటే చిన్న వేగమైన పంచ్‌కు, 10 ఫ్రేములు పడుతుంది. కంటితో చూసి వేలితో నొక్కడానికి మనిషికి సాధారణంగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు కావాలి. కాబట్టి జాబ్‌ను చూసి ఆపడం ఎవరికీ సాధ్యం కాదు, దాన్ని ముందే ఊహించి ఆపవలసిందే. స్ట్రీట్ ఫైటర్ 6లోని డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బకు మాత్రం 26 ఫ్రేములు, అంటే 433 మిల్లీసెకన్లు ఉంటుంది. మీ స్పందనకు 15 ఫ్రేములు తీసేస్తే ఇంకా 11 ఫ్రేములు చేతిలో మిగులుతాయి. టీవీ ఆలస్యం, ప్యాడ్ (చేతిలోని కంట్రోలర్) ఆలస్యం, లైను ఆలస్యం అన్నీ ఈ పదకొండింటిలోనే సర్దుకోవాలి. అవి ఆ హద్దు దాటాయంటే, చూసి జవాబు చెప్పదగిన దెబ్బ కూడా చూసి చెప్పలేని దెబ్బగా మారిపోతుంది, ఆటగాడికేమో ఎదుటి పాత్ర అన్యాయంగా వేగంగా ఉన్నట్టు తోస్తుంది.

లైను, తెర, కరెంటు

ముందు ఇంట్లో ఉన్న ఆలస్యాన్ని తీసేయండి. పెద్ద టీవీల మీద ఆడేవారు సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టకపోతే, బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో టీవీ ఒక్కటే అనేక ఫ్రేములు మింగేస్తుంది. కంప్యూటర్ మీద ఆడేవారు ఆటను తెర వేగానికి ముడివేసే వీ-సింక్ ఆపి, ఆట నిలకడగా 60 ఫ్రేముల వద్ద ఉన్నదా లేదా అని తెర మీది అంకె చూసి నిర్ధారించుకోవాలి. ఒంగోలు, నెల్లూరు ఎండల్లో ల్యాప్‌టాప్‌తో ఆడేవారికి ఇది మరీ ముఖ్యం. మే నెల మధ్యాహ్నం గది వేడికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పుడు ఫ్రేములు పడిపోతాయి, పడిపోయినప్పుడు ఎదుటివారి ఆట కూడా కుంటుతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడవద్దని చెప్పడం చిన్న విషయంలా ఉంటుంది కాని, హాస్టల్ గదుల్లో తరచుగా కనిపించే అసలు లోపం ఇదే.

తరువాత రూటర్ సంగతి. వైఫైని వదిలి ల్యాన్ కేబుల్ పెట్టడం కంటే పెద్ద మెరుగుదల మరొకటి లేదు. వైఫైలో సగటు పింగ్ (సమాచారం వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం) తక్కువగా కనిపించినా, అది ఒక క్షణం 5 మిల్లీసెకన్లు, మరుక్షణం 80 మిల్లీసెకన్లుగా ఎగిరిపడుతుంది, ఫైటింగ్ గేముకు ఎక్కువ పింగ్ కంటే ఈ నిలకడలేమే ఎక్కువ చేటు. కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి ముందు మీ రూటర్ అడ్రసుకే పింగ్ పెట్టి, ఇంట్లో ఇంకొకరు ఫోనులో వీడియో చూస్తుండగా ఓ వంద జవాబులు రానివ్వండి. ఆ అంకెలు అక్కడే ఎగిరిపడితే లోపం ఇంట్లో ఉన్నట్టు. కేబుల్ వాళ్లకో ఏపీ ఫైబర్ వాళ్లకో ఫోను చేసి ప్రయోజనం లేదు. రూటర్ వరకు నిలకడగా ఉండి, బయటి అడ్రసుకు పెట్టినప్పుడు మాత్రమే ఎగిరిపడితే, అప్పుడు ఆ అంకెలను చూపించి ఫిర్యాదు చేయవచ్చు.

దూరాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు కాబట్టి అక్కడికి ఒక మిల్లీసెకను కూడా పట్టనక్కరలేదు. సుమారు 3,000 కిలోమీటర్ల దూరంలోని సింగపూర్‌కు ఒక వైపుకే కనీసం 15 మిల్లీసెకన్లు తప్పవు. నిజంగా పట్టే కాలం ఇంతకంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే సమాచారం తిన్నగా పోదు. ఒంగోలులో ఒక కంపెనీ లైను, నెల్లూరులో మరో కంపెనీ లైను ఉన్న ఇద్దరు మిత్రుల మధ్య ఉన్నది 120 కిలోమీటర్లే అయినా, వారి సమాచారం ఏ పెద్ద నగరంలోనో కలుసుకుని తిరిగి రావలసి ఉండవచ్చు.

ఈ ఆలస్యాన్ని ఆట ఎలా దాచిపెడుతుందో తెలిస్తే, తెర మీద కనిపించే వింతలు అర్థమవుతాయి. పాత పద్ధతిలో ఇద్దరి బటన్లూ అందేవరకు ఆట ఆగి చూసేది, అందువల్ల మీ సొంత పాత్రే బరువుగా, ఆలస్యంగా కదిలేది. టోనీ కానన్ రూపొందించిన జీజీపీఓ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రాచుర్యంలోకి వచ్చిన రోల్‌బ్యాక్ పద్ధతిలో ఆట ఆగదు. ఎదుటివారు ఇంతకుముందు నొక్కిందే ఇంకా నొక్కుతున్నారని ఊహించుకుని ముందుకు సాగిపోతుంది, ఆ ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి, సరైన బటన్లతో ఆ భాగాన్ని క్షణంలో మళ్లీ లెక్కకట్టుకుంటుంది. స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8 రెండూ ఈ పద్ధతినే వాడుతాయి. పింగ్ 100 ఉంటే ఒక వైపు ప్రయాణం 50 మిల్లీసెకన్లు, అంటే 3 ఫ్రేములు. ఎదుటివారి దెబ్బలో మొదటి మూడు ఫ్రేములు మీకు కనిపించకపోవచ్చన్న మాట. 26 ఫ్రేముల దెబ్బ 23గా కనిపించడం పెద్ద నష్టం కాదు. లైను తూలి అది పది ఫ్రేములైతే మాత్రం ఆట స్వరూపమే మారిపోతుంది. నెమ్మదిగా వచ్చే దెబ్బల మీద ఆధారపడిన పాత్రలు అటువంటి లైనులో ఒక్కసారిగా బలపడతాయి, ఎదుటివారి తప్పును చూసి శిక్షించే పాత్రలు నీరసిస్తాయి. పాత్ర బలం ఆట తయారుచేసినవారి కాగితంలో ఒకటి, మీ ఇంటి లైనులో మరొకటి అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

రెండు ఆటల్లోనూ ఎదుటివారి లైను నాణ్యత, వారు వాడుతున్నది వైఫైయా కేబులా అన్నది ఆట మొదలుకాకముందే చూపిస్తారు. వైఫై గుర్తు, తక్కువ నాణ్యత కనిపించినప్పుడు ర్యాంకు ఆటను నిరాకరించడంలో మర్యాద తక్కువేమీ లేదు. కరెంటు పోయినప్పుడు లైను తెగకుండా రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోండి. తుఫాను వానలు పడే నవంబరు రాత్రుల్లో ర్యాంకు జోలికి పోకపోవడం మేలు.

చెయ్యి

దిశలను కీబోర్డు కుడివైపు ఉండే అంకెల గడితో రాయడం ఆటగాళ్ల అలవాటు: 8 పైకి, 2 కిందికి, 6 ముందుకు, 4 వెనక్కి, 5 అంటే ఏదీ నొక్కకపోవడం. 236 అంటే కింద నుంచి ముందుకు పావు వృత్తం, ర్యూ అనే పాత్ర విసిరే నిప్పుబంతి హడోకెన్ అదే. 623 అంటే ముందు, కింద, మూల, అది పైకి లేస్తూ కొట్టే పంచ్ షోర్యూకెన్. కొత్తవారికి ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఈ రెండింటి మధ్యే ఉంది. ముందుకు నడుస్తూ హడోకెన్ విసరబోతే, వేలు నొక్కిన వరుస 6, 2, 3, 6 అవుతుంది. అందులో మొదటి మూడు అంకెలు 623 కనుక ఆట దాన్ని షోర్యూకెన్‌గా తీసుకుంటుంది, పాత్ర గాలిలోకి లేస్తుంది, ఎదుటివారు కింద తీరిగ్గా నిలబడి శిక్షిస్తారు. ఆట తప్పు చదవలేదు. అత్యవసరంలో షోర్యూకెన్ సులభంగా రావాలని తయారీదారులు కావాలనే ఆ ఉదారత చూపించారు. నడక ఆపి, వేలిని ఒక్క క్షణం 5 మీద ఉంచి, ఆ తరువాత 236 మొదలుపెట్టడమే దీనికి మందు.

ట్రైనింగ్ మోడ్‌లో నొక్కిన దిశలను తెర పక్కన చూపించే సౌకర్యాన్ని తప్పక తెరిచి పెట్టుకోండి. దెబ్బ రానప్పుడు మళ్లీ మళ్లీ నొక్కడం కంటే, ఆ వరుసలో ఏ అంకె లోపించిందో చదవడం ఎంతో లాభం. 3 లోపిస్తే వేలు మూల మీదుగా జారకుండా గెంతుతున్నట్టు. అంకెలన్నీ ఉండి దెబ్బ రాకపోతే బటను తొందరగానో ఆలస్యంగానో పడుతున్నట్టు. ఎడమవైపు నిలబడి పదిసార్లు, కుడివైపు నిలబడి పదిసార్లు చేసి, రెండు వైపులా ఎనిమిదికి తగ్గకుండా వచ్చినప్పుడే ఆ ఎత్తును అసలు ఆటలో వాడండి. చాలామంది ఎడమవైపే సాధన చేస్తారు, అందుకే పాత్రలు ఒకదాన్నొకటి దాటి వైపులు మారగానే చెయ్యి తడబడుతుంది.

గైల్ వంటి పాత్రలకు వెనకకు కాసేపు నొక్కిపట్టి ముందుకు వదలాలి కనుక, వెనక్కి నడిచే సమయాన్నీ దెబ్బ కాచుకునే సమయాన్నీ ఆ పట్టు కోసమే వాడుకోవడం నేర్చుకోవాలి. జాంగీఫ్ తిరుగుడు త్రోకు పూర్తి వృత్తం అని రాసి ఉన్నా చాలా ఆటల్లో ముప్పావు వృత్తం సరిపోతుంది; నిలబడి తిప్పితే పాత్ర ఎగిరిపోతుంది కాబట్టి ఇంకో దెబ్బ వేస్తుండగానో, గెంతి దిగుతుండగానో తిప్పడం పద్ధతి.

పరికరం విషయంలో ఒక మాట. ఖరీదైన స్టిక్కు కొంటే చెయ్యి బాగుపడుతుందనుకోవద్దు. ప్యాడ్‌లో అనలాగ్ పుల్ల కంటే బాణాల బటన్లు నిక్కచ్చిగా ఉంటాయి, పాతబడిన పుల్లలు ముట్టుకోకుండానే ఒక పక్కకు లాగుతాయి. చవక కీబోర్డులు కొన్ని కలయికల్లో మూడు నాలుగు మీటలను ఒకేసారి గుర్తించలేవు. మీరు వాడే మీటలన్నీ కలిపి నొక్కి, తెర మీద అన్నీ కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటే అనుమానం తీరిపోతుంది. పుల్ల లేకుండా అన్నీ బటన్లే ఉండే పరికరాల్లో ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే ఏమవుతుందన్న ప్రశ్న పోటీల వరకు వెళ్లింది. రెండు ఎదురెదురు దిశలు కలిసినప్పుడు ఏదీ నొక్కనట్టుగానే లెక్కించాలని స్ట్రీట్ ఫైటర్ తయారీ సంస్థ క్యాప్‌కామ్ 2023లో తన ప్రో టూర్ పోటీలకు నియమం పెట్టింది. ఇంట్లో ఆడేవారు కూడా తమ పరికరాన్ని అలాగే అమర్చుకుంటే, తరువాత అలవాటు మార్చుకునే తిప్పలుండవు.

స్ట్రీట్ ఫైటర్ 6లో క్లాసిక్, మోడరన్, డైనమిక్ అని మూడు రకాల కంట్రోళ్లు ఉన్నాయి. మోడరన్‌లో ఒక దిశ, ఒక బటనుతోనే ప్రత్యేక దెబ్బలు వస్తాయి. అలా సులభంగా వేసిన దెబ్బకు నష్టం 20 శాతం తగ్గుతుంది, పైగా కొన్ని మామూలు పంచ్‌లు, కిక్కులు అందుబాటులో ఉండవు. దీన్ని మోసమని తిట్టేవారితో నేను ఏకీభవించను, ఎందుకంటే సౌలభ్యానికి ధర అక్కడే కట్టి ఉంది. అయితే మోడరన్ ఆటగాడి మీదికి పదేపదే గెంతడం మాత్రం తెలివి తక్కువ పని. 623 తిప్పే కష్టం వారికి లేదు కనుక, గాలిలో ఉన్న మిమ్మల్ని చూసి ఒక్క బటనుతో కొట్టివేస్తారు. నేల మీద నడుస్తూ దూరం తగ్గించుకోండి.

చురుకుదనం వయసుతో పోతుందని బాధపడేవారు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023లో జరిగిన స్ట్రీట్ ఫైటర్ 5 పోటీలో స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు అప్పటికి 44 ఏళ్లన్న సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఇప్పుడు పాత్ర

లైను, చెయ్యి రెండూ తేలిన తరువాతే సమతూకం గురించి మాట్లాడడానికి అర్థం ఉంటుంది. మన ప్రకాశం జిల్లా బండలాగుడు పోటీల్లో ఎడ్లను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ విభాగాలు చేసి, సమానమైనవాటినే పోటీకి దించుతారు. ఫైటింగ్ గేములో అటువంటి విభాగాలు లేవు, కొండలాంటి జాంగీఫ్, సన్నని చున్-లీ ఒకే బరిలో దిగవలసిందే. అందుకని తయారీదారులు ఒక చోట ఇచ్చింది మరో చోట తీసుకుంటారు. స్ట్రీట్ ఫైటర్ 6లో మామూలు పాత్ర ప్రాణం 10,000 అయితే, దగ్గరికి చేరడానికే కష్టపడే జాంగీఫ్‌కు 11,000, దాడిలో భయంకరుడైన అకూమాకు 9,000 ఇచ్చారు. ప్రాణం ఒక్కటే కాక, దెబ్బ మొదలవడానికి, తగిలి ఉండడానికి, తిరిగి నిలదొక్కుకోవడానికి పట్టే ఫ్రేములు, దెబ్బ తగిలే విస్తీర్ణం, కాచుకున్న తరువాత ముందుగా ఎవరు కదలగలరన్నది, ఇవన్నీ వారి చేతిలోని తూకపు రాళ్లే.

ఒక దెబ్బ అన్యాయమని అనిపించినప్పుడు ఇలా చేయండి. ఓడిన ఆట రీప్లే తెరిచి, మిమ్మల్ని ఎక్కువసార్లు పడగొట్టిన ఒకే ఒక దెబ్బను గుర్తించండి. ట్రైనింగ్ మోడ్‌లో ఎదుటి బొమ్మకు ఆ పాత్రను ఇచ్చి, ఆ దెబ్బను రికార్డు చేసి, మళ్లీ మళ్లీ వేయించి, మీరు కాచుకున్న మరుక్షణం మీ అత్యంత వేగమైన పంచ్ నొక్కండి. స్ట్రీట్ ఫైటర్ 6లో ఫ్రేము మీటరు తెరిస్తే ఎవరు ఎన్ని ఫ్రేములు ముందున్నారో అక్కడికక్కడే కనిపిస్తుంది. ఎదుటివారు 4 ఫ్రేములు వెనకబడి ఉంటే, పంచ్ అందే దూరంలో మీ 4 ఫ్రేముల పంచ్ తప్పక తగులుతుంది. అది తగలకపోతే దూరం నుంచి అందే కిక్కు ప్రయత్నించండి, అదీ కాకపోతే దెబ్బ రాకముందే దాన్ని ఆపే ఎత్తు వెతకండి, చివరగా ఆ దెబ్బ అందని దూరంలో నిలబడి చూడండి. అన్యాయమని మొత్తుకునే దెబ్బల్లో ఎక్కువ భాగానికి ఈ పరీక్షలో ఏదో ఒక జవాబు దొరుకుతుంది. దేనికీ లొంగని దెబ్బ మిగిలితే, అప్పుడు మీ ఫిర్యాదుకు కాళ్లు ఉన్నట్టు.

నిజమైన అసమతూకం ఎలా ఉంటుందో ఈ ఆటల చరిత్రే చూపిస్తుంది. 1994 నాటి సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో అకూమా గాలిలో నుంచి విసిరే నిప్పుబంతులకు సరైన జవాబు లేక, పోటీల నిర్వాహకులే ఆ పాత్రను నిషేధించారు. 2019 డిసెంబరులో టెక్కెన్ 7లోకి వచ్చిన లీరాయ్ స్మిత్, మరుసటి నెల జరిగిన ఈవో జపాన్ అనే పెద్ద పోటీలో చివరి ఎనిమిదిమందిలో ఆరుగురి చేతిలో కనిపించాడు. తరువాతి ప్యాచ్‌లలో, అంటే ఆటకు తయారీదారులు పంపే సవరణల్లో, అతని బలం తగ్గించారు. అన్ని చోట్లా, అన్ని స్థాయుల్లో, వేర్వేరు ఆటగాళ్ల చేతిలో ఒకే ఫలితం వచ్చినప్పుడు దాన్ని అసమతూకం అనాలి. మన వీధిలో ఒక్కడే ఒక పాత్రతో అందరినీ ఓడిస్తుంటే అది వాడి నైపుణ్యం.

అంకెల మీద కూడా కాస్త జాగ్రత్త కావాలి. సమబలులైన ఇద్దరు పది ఆటలు ఆడితే, వారిలో ఫలానా ఒకరు మూడు గానీ అంతకంటే తక్కువ గానీ గెలవడానికి 1,024లో 176 వంతులు, అంటే సుమారు 17 శాతం అవకాశం ఉంది. ఆరు సాయంత్రాల్లో ఒక సాయంత్రం ఏ తేడా లేకుండానే మీరు పదికి మూడుకు మించి గెలవరన్న మాట. వంద ఆటల్లో 35 లేదా అంతకంటే తక్కువ గెలవడం మాత్రం సమబలుల మధ్య వెయ్యికి రెండుసార్లు కూడా జరగదు. ఎదుటి పాత్ర పేరు, గెలుపోటములు, లైను నాణ్యత ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయి, ఒక్కో పాత్ర మీద వంద కాకపోయినా యాభై ఆటలైనా నిండేవరకు తీర్పు ఆపండి. ఆటగాళ్లు 6-4, 7-3 అని చెప్పుకునే జోడీ లెక్కల అర్థం కూడా, సమానమైన నేర్పు ఉన్న ఇద్దరు పది ఆటలాడితే ఎవరికెన్ని రావచ్చన్న అంచనాయే. 6-4 జోడీని కష్టపడి దాటవచ్చు. 7-3 జోడీ కోసం రెండో పాత్రను చేతిలో ఉంచుకోవడం తప్పు కాదు.

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఎదురెదురుగా కూర్చుని ఆడడం. ఆన్‌లైన్‌లో మిమ్మల్ని ఓడిస్తున్న మిత్రుడు కందుకూరులోనో కావలిలోనో ఉంటే, ఒక ఆదివారం ఒకే గదిలో, ఒకే యంత్రం మీద, అవే పాత్రలతో ఆడి చూడండి. ఫలితం తారుమారైతే లోపం లైనులో ఉన్నట్టు, అలాగే ఉంటే చేతిలోనో పాత్రలోనో ఉన్నట్టు. 2019లో ఈవో జపాన్, అమెరికాలోని ఈవో రెండింటిలోనూ టెక్కెన్ 7 గెలిచిన అర్స్‌లాన్ యాష్‌ది లాహోర్. అక్కడి ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఎదురెదురుగా ఆడి రాటుదేలినవారు.

పాత్ర ఎంపికలో మీ లైనుకు కూడా ఓటు ఉండాలి. నిలకడ లేని లైను ఉన్నవారు చూసి స్పందించడం మీద, ఫ్రేము తప్పకుండా కొట్టే పొడవైన కాంబోల (వరుస దెబ్బల) మీద ఆధారపడే పాత్రలను పక్కనపెట్టి, ముందుగా పథకం వేసుకుని ఆడదగిన పాత్రను ఎంచుకోవాలి. ర్యూ మొదటి పాత్రగా ఎప్పుడూ మంచి బడి. మనవాడు కదా అని భారతీయ పాత్ర ధల్‌సిమ్‌తో మొదలుపెట్టాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. సాగే చేతులు, నెమ్మదైన గెంతు ఉన్న ఆ పాత్ర దగ్గర నేర్చుకున్నది మరో పాత్రకు అంతగా పనికిరాదు కాబట్టి, ఆ ముచ్చట రెండో ఏడుకు వాయిదా వేసుకోండి.

ప్యాచ్ వచ్చిన రోజే పాత్రను మార్చేయడం కూడా తొందరపాటే. 2025 ఏప్రిల్‌లో టెక్కెన్ 8 రెండో సీజన్ మార్పులు దూకుడును మరీ పెంచాయని ప్రపంచమంతటా ఆటగాళ్లు మండిపడగా, తయారీదారులు కొద్ది వారాల్లోనే సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. ప్యాచ్ వివరాల్లో మీ పాత్ర పేరు కనపడగానే కంగారుపడక, మీరు నిజంగా వాడే నాలుగైదు దెబ్బల్లో ఏదైనా మారిందా, మారితే మొదలయ్యే ఫ్రేములా, కాచుకున్న తరువాతి ఫ్రేములా, నష్టమా అన్నది చూడండి. నష్టం పదో వంతు తగ్గితే ఆట తీరు మారనక్కరలేదు. కాచుకున్న తరువాత 3 ఫ్రేములు వెనకబడే దెబ్బ 4 ఫ్రేములు వెనకబడేలా మారితే మాత్రం, నిన్నటివరకు భయం లేకుండా వేసిన దాన్ని ఈ రోజు ఎదుటివారు శిక్షించగలరు. తయారీదారులకు ఫిర్యాదు పంపేటప్పుడు కూడా పాత్ర పేరు ఒక్కటే రాసి తిట్టకుండా, ఏ దెబ్బ, ఎంత దూరం, కాచుకున్న తరువాత ఎన్ని ఫ్రేములు, మీరు ప్రయత్నించిన జవాబులేమిటి, ఆ సమయంలో లైను ఎలా ఉంది అన్నవి రాసి రీప్లే జతచేయండి.